చప్పుడు పోయిన ట్యాపెట్: వేడెక్కితే ఆగిపోయిన ఒక 100 సీసీ బండి కేస్ స్టడీ

ఇంటి దగ్గరే బండి పనులు చేసుకోవాలనుకునేవారికి నేర్పించడం కొన్నేళ్లుగా నా మెకానిక్ పనిలో ఒక భాగమైంది. అలా నేర్చుకున్నవారిలో ఒకరి బండి గత వేసవిలో నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు నేను అసలు కారణాన్ని పట్టుకోలేకపోయాను. ఆ మూడు రాకల్లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, ఎక్కడ దారి తప్పానో రాసిపెడితే ఇంట్లో స్పానర్ పట్టేవారికీ, వారికి సాయపడే మెకానిక్‌లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన ఊరు, ఉద్యోగం, బండి కంపెనీ వంటి గుర్తుపట్టే వివరాలను తీసేశాను.

నేపథ్యం

బండి 2016లో కొన్న 100 సీసీ తరగతి కార్బురేటర్ బండి, సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉండే రకం. మీటరు 71,000 కిలోమీటర్లు దాటింది. యజమాని ఉమ్మడి నల్లగొండ ప్రాంతంలో ఉంటారు. వయసు నలభై దాటింది. ఉద్యోగానికి వెళ్లడానికి 22 కిలోమీటర్లు, రావడానికి 22 కిలోమీటర్లు రోజూ ఈ బండి మీదే తిరుగుతారు. రెండేళ్ల కిందట ఆయన ఆయిల్ మార్చడం, చైన్ లూజు సరిచేయడం, బ్రేకు షూలు శుభ్రం చేయడం, ఎయిర్ ఫిల్టర్ చూడడం నా దగ్గర నేర్చుకున్నారు.

ఆయన పనితనం మంచిదని ముందే చెప్పాలి. ఆయిల్ మట్టం చూసేటప్పుడు డిప్‌స్టిక్‌ను మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలన్న చిన్న నియమాన్ని కూడా ఆయన మరచిపోరు. చైన్ లూజును ఒక్కచోట చూసి వదిలేయకుండా చక్రాన్ని తిప్పుతూ ఎక్కువ బిగుతుగా ఉన్న చోటు వెతికి, అక్కడే కొలుస్తారు. అంటే ఈ కేసులో సమస్య నిర్లక్ష్యం వల్ల రాలేదు. జాగ్రత్తపరుడైన మనిషి, శ్రద్ధగా చేసిన పనిలోంచే వచ్చింది.

సమస్య

ఏప్రిల్ మధ్యలో ఆయన ఫోన్ చేసి చెప్పిన లక్షణాలు ఇవి. పొద్దున ఒకటి రెండు కిక్కులకే బండి స్టార్టవుతుంది, దారంతా బాగానే పోతుంది. మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చేటప్పుడు 15, 18 కిలోమీటర్లు నడిచాక కూడలి దగ్గరో స్పీడ్ బ్రేకర్ దగ్గరో యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ తడబడి ఆగిపోతుంది. ఆగాక ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోదు. చెట్టు నీడలో ఇరవై నిమిషాలు నిలబెడితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. లీటరుకు 62 కిలోమీటర్లు ఇచ్చే బండి 47కి పడిపోయింది.

నాకు ఫోన్ చేసే ముందే ఆయన చాలా ప్రయత్నించారు. ప్లగ్గు మార్చారు. కార్బురేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగారు. పొరుగువారు చెప్పారని సీడీఐ యూనిట్ (ప్లగ్గుకు నిప్పురవ్వ ఎప్పుడు రావాలో చూసే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చారు, ఆ తర్వాత ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. మొత్తం దాదాపు 1,800 రూపాయలు ఖర్చయింది, లక్షణంలో వెంట్రుకవాసి తేడా లేదు. చివరికి ఎథనాల్ కలిపిన పెట్రోలే కారణమని నిర్ణయానికి వచ్చారు.

ఎథనాల్ అనుమానం తీసిపారేయదగ్గది కాదు, కాబట్టి లెక్క వేసి చూశాం. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. నూటికి 20 పాళ్లు కలిపితే మిశ్రమంలో శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. ఆ లెక్కన 62 ఇచ్చే బండి 58 దగ్గర ఆగాలి. 47కి పడిందంటే మిగతా తరుగుదలకు ఇంకేదో కారణం ఉండాలి. పైగా అదే బంకులో పోయించుకునే ఆయన తమ్ముడి బండికి ఏ ఇబ్బందీ లేదు. అందుకని పెట్రోల్‌ను అనుమానితుల జాబితాలో చివరికి నెట్టాను.

మొదటి రెండు రాకలు

బండి వచ్చిన రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఎప్పటి నుంచి ఇబ్బంది పెడుతుంది?" అని. "నెల రోజుల నుంచి అన్నా" అన్నారాయన. ఆ తర్వాత నేను ఆగిపోవడం గురించే అడుగుతూ పోయాను. ఆ నెల రోజులకు ముందు బండి మీద ఏ పని జరిగిందో అడగలేదు. ఈ కేసులో నా వైపు నుంచి జరిగిన అసలు తప్పు ఇదే. దీని వల్ల రెండు వారాలు పోయాయి.

ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మసి పట్టి ఉంది. ఆయన కార్బురేటర్ కడిగి బిగించినప్పుడు, పెట్రోల్‌లో కలిసే గాలి పాలును సరిచేసే ఎయిర్ స్క్రూను ఎన్ని చుట్లు విప్పారో లెక్క పెట్టుకోలేదు, అది ఉండాల్సిన దానికంటే బాగా లోపలికి బిగిసి ఉంది. మసికి కారణం కంటి ముందే ఉంది, పెట్రోల్ పాలు ఎక్కువై వేడి మీద ప్లగ్గు తడిసి ఆగుతోందని అనుకున్నాను. ఎయిర్ స్క్రూను సరిచేశాను, స్లో జెట్‌లో (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) గాలి ఊది శుభ్రం చేశాను, ఆగకుండా ఉండాలని స్లో ఆర్‌పీఎం, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, కొద్దిగా పెంచాను. నాలుగు రోజులు బండి ఎక్కడా ఆగలేదు. అయిదో రోజు మళ్లీ అదే కూడలిలో ఆగింది.

ఆ నాలుగు రోజులు మంచిగా నడవడం మా ఇద్దరినీ తప్పుదారి పట్టించింది. స్లో పెంచడం వల్ల వ్యాధి తగ్గలేదు, లక్షణం మాత్రం మరుగున పడింది. అది ఎలాగో తర్వాత తెలిసింది, కింద చెబుతాను.

రెండో రాకలో నా అనుమానం పల్సర్ కాయిల్ మీదికి, అంటే నిప్పురవ్వ ఎప్పుడు కావాలో సీడీఐకి సంకేతం పంపే తీగచుట్ట మీదికి, పోయింది. చల్లగా ఉన్నప్పుడు పని చేసి, వేడెక్కాక చేతులెత్తేసి, చల్లారాక మళ్లీ పని చేసే భాగం అనగానే మా వృత్తిలో ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది అదే. లోపల సన్నటి తీగ ఎక్కడో తెగి, వేడికి వ్యాకోచించి విడిపోవడం, చల్లారాక మళ్లీ అంటుకోవడం నేను చాలా బళ్లలో చూశాను. కొత్తది కొనిపించకుండా, నా దగ్గర ఉన్న, బాగా పని చేస్తోందని తెలిసిన పాత కాయిల్ వేసి పంపాను. ఆయన ఇప్పటికే రెండు భాగాలు ఊరికే కొన్నారు, మూడోది కొనిపించే హక్కు నాకు లేదనిపించింది. మరుసటి మధ్యాహ్నమే బండి ఆగింది. నా కాయిల్ తిరిగి తీసేసుకున్నాను.

ఇక్కడ ఆగి ఆలోచిస్తే ఒక సంగతి అర్థమైంది. ఇద్దరమూ ఇప్పటిదాకా బండి చల్లగా ఉన్నప్పుడు, షాపులోనో ఇంటి ముందో పరీక్షిస్తున్నాం. అది ఆగేదేమో వేడెక్కాక, రోడ్డు మీద. ఆగిన ఆ పది నిమిషాల్లో ఇంజన్‌కు ఏం కరవైందో ఎవరమూ చూడలేదు.

రోడ్డు పక్క పరీక్ష

మూడోసారి ఆయన వెంట నేనే వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటలకు బయల్దేరాం. సంచిలో కొత్త ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, స్క్రూడ్రైవర్, ఖాళీ ప్లాస్టిక్ సీసా, చేతి గుడ్డ పెట్టుకున్నాను. 17 కిలోమీటర్ల దగ్గర బండి ఆగింది. చల్లారేలోపు ముగించాలి కాబట్టి ఏది ముందో ఏది తర్వాతో ముందే నిర్ణయించుకున్నాను.

మొదట ట్యాంకు మూత తెరిచాను. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో గాలి ఖాళీ ఏర్పడి పెట్రోల్ దిగదు, మూత తీయగానే గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తుంది. అలాంటిదేమీ రాలేదు. రెండోది, కార్బురేటర్ అడుగున ఉండే డ్రైన్ స్క్రూ విప్పి సీసా పట్టాను. గిన్నె నిండుగా ఉంది, పెట్రోల్ ధారగా వచ్చింది. సీసా మూత పెట్టి దూరంగా ఉంచాకే మూడో పరీక్షకు వెళ్లాను. కొత్త ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి కిక్కు కొడితే నీలం రంగు నిప్పురవ్వ టిక్కుమని కనిపించింది. పెట్రోల్ ఉంది, కరెంటు ఉంది.

నాలుగోది అన్నిటికంటే తేలికైన పరీక్ష. కిక్ రాడ్‌ను కాలితో కాకుండా చేత్తో మెల్లగా కిందికి నొక్కాను. పొద్దున ఇదే పని చేసినప్పుడు కంప్రెషన్ దగ్గర, అంటే పిస్టన్ సిలిండర్‌లోని గాలిని నొక్కే చోట, అది గట్టిగా ఎదురు తన్నింది. ఇప్పుడు నీళ్లలో తెడ్డు దిగినట్టు ఆగకుండా కిందిదాకా దిగిపోయింది. పది నిమిషాలకోసారి మళ్లీ నొక్కి చూస్తే కొద్దికొద్దిగా బిగువు తిరిగి వస్తోంది. ఇరవై అయిదో నిమిషంలో బండి స్టార్టయింది.

నెల రోజుల్లో ఎవరూ అనుమానించనిది కంప్రెషనే. పొద్దున స్టార్టింగ్ బాగుంది కాబట్టి ఇంజన్ లోపల అంతా బాగున్నట్టేనని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

లీకు ఎక్కడ

షాపుకు తిరిగి వచ్చేసరికి ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది. కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కులు కొడితే చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు చూపింది. చల్లారాక అదే గేజ్ 9.5 చూపించింది. చల్లారితే బాగయ్యే కంప్రెషన్ అంటే, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోవడం కంటే, సిలిండర్‌లోకి మిశ్రమాన్ని రానిచ్చే, కాలిన వాయువును పోనిచ్చే వాల్వుల్లో ఏదో సరిగా మూసుకోకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అరిగిన రింగు చల్లని ఇంజన్‌లోనూ లీకవుతుంది.

ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పాత పరీక్ష ఒకటి ఉంది. రీడింగ్ పెరిగితే రింగులది తప్పు, పెరగకపోతే వాల్వులది. ఈ బండిలో సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి పోసిన ఆయిల్ రింగు చుట్టూ పరుచుకోదు, కింది వైపు చేరి నిలుస్తుంది. నిటారు ఇంజన్‌లో నమ్మినంతగా ఇక్కడ ఆ పరీక్షను నమ్మకూడదు. అందుకని గాలితో చూడాలని నిర్ణయించుకున్నాను.

దానికి నా దగ్గర ఒక పాత ప్లగ్గు ఉంది. లోపలి పింగాణీని పగలగొట్టి తీసేసి, ఆ గుల్లకు ట్యూబు వాల్వు అతికించుకున్నాను. బండిని మళ్లీ వేడెక్కేదాకా నడిపి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు తెచ్చి, టాప్ గేరులో పెట్టి, యజమానిని వెనక బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. లేకపోతే గాలి ఒత్తిడికి ఇంజన్ తిరిగిపోతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ పైపు ఆ వాల్వుకు తగిలించి చెవి పెట్టి విన్నాను. కార్బురేటర్ మూతి దగ్గర దాదాపు ఏమీ లేదు. ఆయిల్ పోసే రంధ్రం దగ్గర సన్నటి గాలి వస్తోంది, 71,000 తిరిగిన ఇంజన్‌కు అది మామూలే. సైలెన్సర్ మూతి దగ్గర మాత్రం బుస్సుమని వినిపించింది. పలచటి పాలిథిన్ ముక్క అక్కడ పట్టుకుంటే రెపరెపలాడుతూ బయటికి నెట్టుకుపోయింది. దీనికి అగర్బత్తి పొగ వాడేవారున్నారు. పెట్రోల్ ఉన్న చోట నిప్పు పెట్టే ఏ పరీక్షకూ నేను ఒప్పుకోను.

కాలిన వాయువును సైలెన్సర్‌లోకి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడం లేదు. అప్పుడు నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను: "సార్, ఈ ఇబ్బంది మొదలుకాకముందు ఆఖరిసారి బండి మీద ఏ పని చేసిండ్రు?"

"ట్యాపెట్ సౌండు వస్తుంటే సెట్ చేసిన అన్నా. అది మంచిగనే అయింది, సౌండు మొత్తం పోయింది" అన్నారాయన.

ట్యాపెట్ సెట్ చేయడమంటే వాల్వుకూ, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కూ మధ్య ఉండే సన్నటి ఖాళీని, అంటే గ్యాపును, స్క్రూతో సరిచేయడం. ఆ పని మార్చి రెండో ఆదివారం జరిగింది. అప్పటి నుంచి బండి సుమారు 1,300 కిలోమీటర్లు నడిచింది. విజయవంతమైన పని అనుకున్నారు కాబట్టి ఆయన దాన్ని సమస్యతో కలిపి చూడలేదు, నాతో చెప్పలేదు. మేం ఇద్దరం అప్పటిదాకా ఆయన తర్వాత చేసిన పనుల్నే, అంటే ప్లగ్గు, కార్బురేటర్, సీడీఐలనే వెనక్కి వెనక్కి తడుముతున్నాం.

ఆ ఆదివారం ఏం జరిగింది

రాత్రంతా బండిని మా షాపులోనే ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకుండా, ఆయన చేతే ట్యాపెట్ మూతలు విప్పించాను. ఆ ఆదివారం ఎలా చేశారో అదే వరసలో మళ్లీ చేసి చూపించమన్నాను, మధ్యలో నేను ఏమీ మాట్లాడలేదు.

ఆయన మ్యాగ్నెట్ కవరు మీది రెండు చిన్న మూతలు తీసి, ఇంజన్‌ను అపసవ్య దిశలో తిప్పి, పిస్టన్ పైకొసకు వచ్చిందని చెప్పే టీ గుర్తు కిటికీలో కనిపించగానే ఆపారు. నిప్పురవ్వ సమయాన్ని చూపే ఎఫ్ గుర్తును టీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, ఆయన అది చేయలేదు. అయితే నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక పూర్తి వరసకు క్రాంకు రెండుసార్లు తిరుగుతుంది, కాబట్టి టీ గుర్తు రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర వస్తుంది, అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర వస్తుంది, అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోవడం మొదలవుతుంది. ఆ ఆదివారం ఆయన ఆగింది ఈ రెండో టీ దగ్గర. కొంచెం తెరిచి ఉన్న వాల్వుల మీద గ్యాపు పెట్టడం వల్ల, అవి నిజంగా మూసుకున్నప్పుడు గ్యాపు చాలా ఎక్కువైంది. స్టార్ట్ చేస్తే టకటకమని మునుపటికంటే పెద్ద చప్పుడు వచ్చింది.

అక్కడి నుంచి పని కొలతను వదిలి చెవి మీదికి మళ్లింది. చప్పుడు ఎలా ఉందో చూద్దామని నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చి, వేడి మీదే మూతలు విప్పి స్క్రూ బిగించారు. బిగించేకొద్దీ చప్పుడు తగ్గింది. "పూర్తిగా పోయినప్పుడు ఆపేసిన" అన్నారు.

ఆయన ఫీలర్ గేజ్ (ఖాళీలో దూర్చి కొలిచే పలచటి ఉక్కు ఆకుల సెట్టు) చూపించమన్నాను. కార్ల కోసం తయారైన సెట్టు అది, అన్నిటికంటే పలచటి ఆకు 0.05 మిల్లీమీటర్లది, దాని తర్వాతిది 0.10. బండి పుస్తకంలో రెండు వాల్వులకూ చల్లని ఇంజన్ మీద 0.08 అని ఉంది. సరైన ఆకు లేకపోవడమే ఆయన్ని చెవిని నమ్ముకునేలా చేసిన మొదటి కారణమని నాకనిపించింది. నేర్పించేటప్పుడు గేజ్ కొనుక్కోమని చెప్పిన నేను ఏ ఆకులు ఉండాలో చూసి కొనమని చెప్పలేదు.

గ్యాపు కొలిచే ముందు ఇంకో చిక్కు ఉంది. సరైన టీ దగ్గర ఉన్నామో లేదో తెలుసుకోవడానికి రాకర్‌ను వేలితో కదిపి చూడమని నేర్పుతాం. రెండూ లూజుగా కదిలితే కంప్రెషన్ టీ. గ్యాపు అసలే లేని వాల్వు ఉంటే సరైన టీ దగ్గర కూడా రాకర్ కదలదు, మనిషి పొరపాటున ఇంకో చుట్టు తిప్పి తప్పు టీ దగ్గరికి పోతాడు. అందుకని ఇన్‌లెట్ రాకర్‌ను చూస్తూ తిప్పమన్నాను. అది కిందికి నొక్కి, మళ్లీ పైకి లేచిన తర్వాత వచ్చే మొదటి టీయే కంప్రెషన్ టీ. దీన్ని నమ్ముకుంటే రాకర్ కదలికతో పని లేదు.

అక్కడ ఇన్‌లెట్ దగ్గర నా సెట్టులోని 0.04 ఆకు బిగుతుగా దూరింది. ఎగ్జాస్ట్ దగ్గర అది కూడా దూరలేదు. చల్లని ఇంజన్ మీదే గ్యాపు లేనట్టు లెక్క.

0.08 మిల్లీమీటర్లంటే ఇంచుమించు తల వెంట్రుక మందం. అంత చిన్న ఖాళీ ఎందుకంటే, ఇంజన్ నడిచేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తన చుట్టూ ఉన్న హెడ్డు (సిలిండర్‌ను మూసే పై భాగం) కంటే బాగా ఎక్కువ వేడెక్కి పొడవు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే రాకర్ దాన్ని తెరిచే పట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది సీటుకు, అంటే మూసుకున్నప్పుడు అది కూర్చునే అంచుకు, ఆనుకున్నప్పుడే. సరిగా ఆనకపోతే ఇంకా వేడెక్కుతుంది, ఇంకా పొడవవుతుంది, లీకు ఇంకా పెరుగుతుంది. వేగంగా పోయేటప్పుడు లీకు కావడానికి సమయం చాలదు, లోపలికి వచ్చే మిశ్రమమూ ఎక్కువ, అందుకని బండి నడుస్తుంది. స్లోలో మిశ్రమం తక్కువ, లీకుకు సమయం ఎక్కువ, అందుకని ఆగిపోతుంది. నేను మొదటి రాకలో స్లో పెంచినప్పుడు నాలుగు రోజులు ఆగకపోవడానికి కారణం ఇదే.

వేడి మీద కొలవడం కూడా మేలు చేయలేదు. హెడ్డు అల్యూమినియం, వాల్వు ఉక్కు. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఆపిన బండి వేడిగా ఉన్నప్పుడు కనిపించే గ్యాపు చల్లారాక అలాగే ఉండదు. పుస్తకంలోని అంకె చల్లని ఇంజన్‌కు ఇచ్చినది, దాన్ని ఇంకో స్థితిలో వాడితే దానికి అర్థం ఉండదు.

ఏం చేశాం

గ్యాపు ఆయనే పెట్టారు. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొద్దిగా దానితో తిరుగుతుంది, బిగించకముందు సరిగా ఉన్న గ్యాపు బిగించాక మారిపోతుంది. మొదటి రెండు ప్రయత్నాల్లో అలాగే జరిగింది. మూడోసారి స్క్రూను కీతో కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, తర్వాత మళ్లీ ఆకు పెట్టి చూస్తే దాని మీద సన్నటి పట్టు తెలిసింది. పుస్తకాల మధ్య నుంచి ఒక కాగితం లాగుతున్నట్టుండాలి, ఊరికే జారకూడదు, పీక్కోవాల్సి రాకూడదు.

ఆ రోజే వేడి మీద మళ్లీ కొలిస్తే కంప్రెషన్ 6 నుంచి 9.5కి పెరిగింది, చల్లగా 11 చూపింది. కూడలిలో బండి ఆగలేదు. అయితే గాలి పరీక్షలో సైలెన్సర్ దగ్గర బుస తగ్గిందే గాని పూర్తిగా పోలేదు.

ఇక్కడ హెడ్డు విప్పాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. 1,300 కిలోమీటర్లు ఆ వాల్వు వేడి వాయువును సీటు మీదుగా వదులుతూ నడిచింది, కాలి ఉండొచ్చు. ఒక్కోసారి సీటు మీద పేరుకున్న మసి మాత్రమే అడ్డుపడుతుంది, సరైన గ్యాపుతో కొన్ని వందల కిలోమీటర్లు నడిస్తే అది రాలిపోయి వాల్వు బాగా కూర్చుంటుంది. హెడ్డు విప్పితే గాస్కెట్, టైమింగ్ చైన్ పని, ఒక రోజు సెలవు, ఇవన్నీ ఉంటాయి. బండి నడుస్తోంది కాబట్టి 400 కిలోమీటర్లు చూసి నిర్ణయిద్దామని చెప్పాను. ఆయన పది రోజుల్లో వచ్చారు. రీడింగులు మారలేదు, బుస అలాగే ఉంది. అప్పుడు విప్పాం.

ఎగ్జాస్ట్ వాల్వు అంచు చుట్టూ బూడిద రంగు వలయం ఉండాలి. ఒకచోట ఆ వలయం తెగి, చిటికెన వేలి గోరంత మేర నల్లగా, గుంటలు గుంటలుగా ఉంది. లీకు దారి అదే. వాల్వు మార్చి, పేస్టు పెట్టి సీటుతో కలిపి రుద్ది, హెడ్డును తలకిందులుగా పెట్టి వాల్వుల మీద పెట్రోల్ పోసి పావుగంట చూశాం. చుక్క కూడా పోర్టులోకి దిగలేదు. వేడి కంప్రెషన్ 11.5కి వచ్చింది. ఈ పని ఇంట్లో చేయదగ్గది కాదని ఆయనకు ముందే చెప్పాను, ఆయన పక్కన నిలబడి చూశారు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ట్యాపెట్ చప్పుడు గురించి నేను చెప్పే మాట మారింది. బండి నిశ్శబ్దంగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టని మన దగ్గర బలమైన నమ్మకం. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ముందుగా వినేది దాన్నే, మెకానిక్‌లు కూడా గిరాకీ మెచ్చుకోవాలని బిగించి పంపిస్తారు. గ్యాపు ఎక్కువైతే చప్పుడు వస్తుంది, అరుగుదల నెమ్మదిగా జరుగుతుంది, మనిషికి తెలుస్తుంది. గ్యాపు పోతే చప్పుడు ఉండదు, వాల్వు కాలుతుంది, మనిషికి తెలియదు. పైగా వాల్వు సీటులోకి అరిగి దిగేకొద్దీ గ్యాపు దానంతటదే తగ్గుతుంది, అంటే ఎవరూ ముట్టుకోకుండానే బండి నిశ్శబ్దమవుతుంది. ఏళ్లుగా సన్నగా టిక్కుటిక్కుమన్న బండి ఉన్నట్టుండి నోరు మూసుకుంటే ఇప్పుడు నేను గ్యాపు చూడమంటున్నాను.

గేజ్ గురించి కూడా వివరంగా చెబుతున్నాను. 0.08 ఆకు దొరక్కపోతే 0.05, 0.10 ఆకులతోనే పని జరుగుతుంది: మొదటిది సులువుగా దూరాలి, రెండోది దూరకూడదు. అంగుళాల సెట్టులో 0.003 అని ఉన్న ఆకు 0.076 మిల్లీమీటర్లు, ఇలాంటి బండికి అది చాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల తర్వాత చాలా బళ్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. స్క్రూతో సరిచేసే ట్యాపెట్ ఉన్న ఏ బండికైనా ఈ పని మాత్రం అలాగే ఉంది, అంకె మారుతుంది, ఆ అంకె బండి పుస్తకంలోంచే తీసుకోవాలి.

ఫోన్ రాగానే ఇప్పుడు నేను ముందుగా అడిగేది బండికి ఏమైందని కాదు. ఆఖరి మూడు పనులు ఏం చేశారు, ఏ తేదీన చేశారు అని అడుగుతాను. బాగా కుదిరిందనుకున్న పనిని కూడా చెప్పమంటాను. ఈ యజమాని ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టారు. తేదీ, మీటరు రీడింగ్, ముట్టుకున్న భాగం, ముట్టుకోకముందు కొలత, ముట్టుకున్నాక కొలత అని అయిదు గడులు గీశారు. నాలుగో గడి ఆయనే చేర్చారు. ఎయిర్ స్క్రూ ముందు ఎన్ని చుట్లు ఉందో రాసుకుని ఉంటే మొదటి రాకలో ప్లగ్గు మీది మసి నన్ను అంత దూరం తీసుకుపోయేది కాదు.

తర్వాతి సంగతి

హెడ్డు పని అయ్యాక 3,000 కిలోమీటర్లకు ఆయన ఆదివారం పొద్దున, బండి స్టార్ట్ చేయకముందు, ఇంట్లోనే గ్యాపు చూసి నోటుబుక్కు పేజీ ఫొటో పంపారు. కొత్త వాల్వు సీటులో సర్దుకునేటప్పుడు గ్యాపు తగ్గుతుందని ముందే అనుకున్నాం, అలాగే తగ్గింది. ఇన్‌లెట్ దగ్గర మార్పు లేదు. ఎగ్జాస్ట్ దగ్గర 0.05 ఆకు పట్టుగా దూరింది, ఆయన దాన్ని మళ్లీ 0.08కి తెచ్చారు. పేజీ కింద మైలేజీ 60 అని ఉంది. దాని పక్కన, కొలత కాని విషయం ఒకటి ఆయన చిన్న అక్షరాలతో రాశారు: "సౌండు సన్నగా వస్తుంది. ముట్టుకోలేదు."